మగవాళ్ళెవరైనా వచ్చారా?

"పేరు సెప్పు పాపా. నీకా రోగం అంటించినోడి పేరు సెప్తే సాలు. మిగతాది మేం సూసుకుంటాం."

పాల సొసైటీ వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఊరి పెద్దమనిషి దేవరాజులు పొద్దుటి నుంచీ అదే మాట తిప్పి తిప్పి అడుగుతున్నాడు. పాలు పోసి ఇళ్ళకు వెళ్ళిపోవలసిన ఆడవాళ్ళు ఖాళీ క్యాన్లు పక్కన పెట్టుకుని మెట్ల కింద నిలబడిపోయారు. గచ్చు మీద ఒలికిన పాలు ఎండకు పులిసి కంపు కొడుతున్నాయి. వాటి చుట్టూ ఈగలు ముసిరాయి. కంపుకు ముక్కు మూసుకున్నవాళ్ళు కూడా చెవులు మాత్రం మూసుకోలేదు.

మునిలక్ష్మి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆమెకు ఆరో నెల. కూర్చోమని ఎవరూ అనలేదు. నిన్నటి నుంచి బరువెక్కిన ఎడమ కాలు ఇప్పుడు తొడ దాకా ఉబ్బింది. చర్మం సాగి మెరుస్తోంది. కాలి పట్టీ కండలోకి దిగిపోయింది.

"నాకెవురూ అంటించలేదు మామా. నేనే తప్పూ సేయలేదు."

"అంటించకుండా ఆకాశం నుంచి ఊడిపడిందా?" అత్త పోలేరమ్మ ముందుకొచ్చింది. "రెండు కడుపులు పోయినాయి. నాలుగో నెల్లో ఒకటి, ఏడో నెల్లో ఒకటి. రెండోది మొగబిడ్డ, నా సేతుల్తో మట్టిలో పెట్టొచ్చినా. అప్పుడూ నర్సమ్మ సెప్పింది, రక్తంలో సెడ్డరోగం ఉండాదని. ఇప్పుడు మళ్ళా అదే సెప్పింది. శ్రీ సిటీ కంపెనీ బస్సులో సీకటితో పోతాది, సీకటి పడినాక వస్తాది. ఆడ ఏం జరగతాండాదో మేం సూసొచ్చినామా?"

ఆ కంపెనీలో సెల్‌ఫోన్ల బోర్డులకు మరలు బిగించే పని మునిలక్ష్మిది. షిఫ్టంతా నిలబడే ఉండాలి. నెలకు పదమూడు వేలు చేతికొస్తే పదకొండు వేలు ఇదే అత్త చేతిలో పెట్టేది. ఆ డబ్బు లెక్కపెట్టుకునేటప్పుడు పోలేరమ్మకు కంపెనీ మీద ఏ అనుమానమూ రాలేదు.

వరండా అంచున ఆమె మొగుడు గిరి తల వంచుకుని కూర్చున్నాడు. తిరుచానూరు లాడ్జీలకు వ్యానులో నీళ్ళ క్యాన్లు తోలే మనిషి. మెడ చుట్టూ తువ్వాలు. ఎవరో అతని చేతిలో టీ గ్లాసు పెట్టారు. ఇంకెవరో భుజం తట్టారు. "పాపం, బంగారట్లా పిల్లోడు" అని ఆడవాళ్ళలోంచి వినిపించింది. మునిలక్ష్మి పొద్దుటి నుంచి రెండుసార్లు నీళ్ళడిగింది.

"రేపు పొద్దన పాలయ్యే దాకా టైమిస్తా ఉండా" దేవరాజులు తీర్పు చెప్పాడు. "పేరు సెప్తే, వాడితో మాట్లాడి నీకేదో దారి సూపిస్తాం. సెప్పకపోతే తెగతెంపులు. కడుపులో బిడ్డ గిరిది కాదని వేలిముద్ర ఏసి మీ పుట్టింటికి పోవాల."

"బిడ్డ ఆయప్పదే మామా."

"అది నువ్వు సెప్తే అయ్యేది కాదు గదా."

అప్పుడు ఆడవాళ్ళను తోసుకుంటూ జెస్సీ వచ్చింది. అదే వీధి, అదే కంపెనీ, మునిలక్ష్మి పక్క లైనులో పని. ఆ రోజు ఆమెకు సెలవు. మునిలక్ష్మి ముఖం కాదు, ముందు కాలు చూసింది.

"మే మునీ, ఆ కాలేందే అట్లయింది? ఇంతమంది ఉండారు, ఒక్కరికీ కండ్లు లేవా?"

"పంచాయితీ మద్దెలో నువ్వెవురు?" అన్నాడు దేవరాజులు.

"పంచాయితీ రేపూ ఉంటాది మామా. కాలుంటాదో లేదో తెల్దు. తిరపతి ఆస్పత్రికి పోతాండాం. ఆడ కూడా పేరు రాసుకుంటారులే, నీకో జెరాక్సు తెస్తా."

ఎవరో కిసుక్కున నవ్వి, దేవరాజులు చూపు పడగానే దగ్గుగా మార్చుకున్నారు. జెస్సీ ఆమె చంకలో చెయ్యేసి ఆటో ఎక్కించింది. గిరి లేవలేదు. గ్లాసులో టీ ఇంకా మిగిలి ఉంది.

ఆటోలో జెస్సీ నోరు ఆగలేదు. "నీకు తెలుసో లేదో, మీ అత్త నాయుడుపేటలో ఒక పిల్లను సూసొచ్చింది. తాంబూలాలకు తమలపాకులు కొనడమే తరువాయి. నువ్వు ఎవురి పేరన్నా ఒకటి సెప్తే వాళ్ళకు పండగే. సెప్పకపోయినా పండగే. మొగోళ్ళు ఏసే లెక్కలో మనం యాడ తేలినా సున్నానే."

మునిలక్ష్మి కడుపు మీద చెయ్యి పెట్టుకుని లోపలి కదలిక కోసం చూస్తోంది. కదిలింది. మళ్ళీ కదిలేదాకా ఊపిరి బిగబట్టింది.

*

తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఆ రోజు పెళ్ళివారిల్లులా ఉంది. గోడలకు అప్పుడే సున్నం వేశారు. మెట్ల మీద ఫినాయిలు ఏరులై పారుతోంది. ఒక్కో మంచం మీద ఇద్దరిద్దరు పడుకునే వార్డులో సగం మందిని వెనక వరండాలోకి తోలి, మిగిలినవాళ్ళ కింద అంతవరకు మడత విప్పని కొత్త దుప్పట్లు పరిచారు. గర్భిణుల రక్తపరీక్షల గురించి కొత్త బిల్లు వస్తోందట. దాని మీద అభిప్రాయాలు తెలుసుకోవడానికి శాసనసభ సంఘం వస్తోందట. దుప్పట్లు సాయంత్రానికి తిరిగి స్టోరుకు పోతాయని ఆయా చెప్పి మరీ పరిచింది. మరక పడితే తన్నులు తనకేనంది.

డాక్టర్ మహిత మునిలక్ష్మి కాలు నొక్కి చూసింది. ముఖం మారిపోయింది. ఆలస్యం లేకుండా స్కానింగు గదికి తోయించింది. తొడలోని పెద్ద రక్తనాళంలో గడ్డ కట్టింది. అది కదిలి ఊపిరితిత్తులకు పోయి ఉంటే ఆటోలోనే ప్రాణం పోయేది. బిడ్డ గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు గదంతా వినిపించేలా పెట్టారు. మునిలక్ష్మి మొదటిసారి ఏడ్చింది.

సూదిమందు సిరంజిలోకి తీసుకుంటూ డాక్టరు ఆగి, ఆమె ముఖంలోకి చూసింది.

"రెండేళ్ళ కింద ఏడో నెలలో బిడ్డ పోయింది నీకే కదూ? ఆ చివరి మంచం."

"అవును మేడం."

"మూడు నెలలయ్యాక పరీక్షకు మళ్ళీ రక్తం ఇవ్వడానికి రమ్మన్నాను. రాలేదు. ఈసారి నెల తప్పగానే రమ్మన్నాను. ఆరో నెలదాకా ఎక్కడున్నావమ్మా? ఇంత చదువుకున్నట్టున్నావు, బిడ్డలంటే ఇంత లెక్కలేదా?"

మునిలక్ష్మి బిత్తరపోయింది. "నాకెవురూ సెప్పలేదు మేడం. దేనికి రమ్మన్నారు?"

డాక్టరు సిరంజి పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా సూది వేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. అంత పనిలో ఆమె కూర్చోవడం నర్సులకు వింతగా తోచింది.

"నీకున్నది చెడ్డరోగం కాదు" అంది. "ఒంటిని కాపాడవలసిన బలగమే నీ రక్తం మీద తిరగబడుతోంది. దాంతో రక్తం ఊరికే గడ్డకడుతుంది. మాయలో గడ్డకడితే బిడ్డకు తిండి అందదు. నీ ఇద్దరు బిడ్డలు పోయింది అందువల్లే. మీ ఊళ్ళో చేసే ఆ చవక పరీక్షను ఈ జబ్బు మోసం చేస్తుంది. సుఖవ్యాధి లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. అక్కడ అందరికీ ఆ పరీక్ష చేస్తారు, అలా వస్తే ఇంకోటి చేసి చూడాలి. ఎవరూ చూడరు. నేను చూశాను. నీ రక్తం పంపించి, తేల్చుకుని, చెప్పాను. రోజూ ఈ సూది, ఒక చిన్న మాత్ర. మొదటి నెల నుంచి వేసుంటే ఈ కాలు ఇలా అయ్యేది కాదు."

"ఎవురికి సెప్పినారు మేడం?"

"మీవాళ్ళకి."

"మావాళ్ళంటే?"

డాక్టరు నుదురు రుద్దుకుంది. "నువ్వు మత్తులో ఉన్నావు. మగవాళ్ళెవరైనా వచ్చారా, పిలవండి అన్నాను. ఒకాయన వచ్చాడు. ఆయనకు చెప్పాను. ఇక్కడ పద్ధతే అది. ఏ సంగతైనా మగమనిషిని పిలిచి చెప్పి పంపేస్తాం." ఆ మాట తన నోటి నుంచి రావడం ఆమెకే అసహ్యమనిపించినట్టు పెదవులు బిగించింది. "ముఖం గుర్తుకు రావడం లేదు. సంఘం వాళ్ళొస్తున్నారు, మళ్ళీ వస్తాను."

ఆమె వెళ్ళగానే జెస్సీ మంచం అంచున కూర్చుంది.

"ఆ పొద్దు నీతో ఎవురెవురు వచ్చినారే?"

"అత్త, దేవరాజులు మామ, ఆయప్ప. మామకు ఈడ తెలిసినోళ్ళు ఉండారని పిల్చుకొచ్చినారు."

"అయితే ఆ ముసిలోడే. ఇంగెవురు? మాట విని మింగేసినాడు. ఉత్త జబ్బని తెలిస్తే మందేయిస్తారు, పంచాయితీ యాడుంటాది? పంచాయితీ లేకపోతే ఆ ముసిలోడికి నీళ్ళు కూడా మింగుడు పడవు."

మునిలక్ష్మికీ అదే నిజమనిపించింది. ఆ రోజు ఆస్పత్రిలో అన్ని గదులూ తిరిగింది దేవరాజులే. డిశ్చార్జి చేయించింది అతనే. పొద్దున కుర్చీలో కూర్చుని పేరు చెప్పు, పేరు చెప్పు అన్నది అతనే. నిజం తెలిసి అడిగాడు. కడుపులో బిడ్డ తన్నింది. ఆ తాపు తన ఆలోచనకు సరేనన్నట్టే తోచింది.

*

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక సంఘం వచ్చింది. ముందు కెమెరాలు, వెనక బూట్లు, ఆ వెనక బిర్యానీ వాసన. సంఘానికి పెద్ద హరినాథ్, అధికార పార్టీ శాసనసభ్యుడు. తెల్ల చొక్కా, మెడలో అప్పుడే వేసిన శాలువా. ఆయన పీఏ సుకుమార్ ఒక చేత్తో మైకూ ఇంకో చేత్తో శానిటైజరూ పట్టుకుని నడుస్తున్నాడు. వాళ్ళ మధ్యలో దేవరాజులు నవ్వుతూ కనబడేసరికి మునిలక్ష్మి లేచి కూర్చుంది.

దేవరాజులు వెనక పోలేరమ్మ, ఆమె వెనక గిరి. హరినాథ్‌కు దేవరాజులు ఆ మండలంలో ఓట్లు కూడగట్టే మనిషి. ఆ ఊరి ఆడమనిషే వార్డులో ఉందని తెలిసి, ఫోటోకు కుటుంబం కావాలని సుకుమార్ ఫోను చేశాడు. పొద్దున తెగతెంపులన్న నోటితోనే దేవరాజులు ఇప్పుడు మంచం పక్కకొచ్చి, "మా బిడ్డే సార్. కంటికి రెప్పలా సూసుకుంటాండాం" అన్నాడు. గిరిని భుజం పట్టి ముందుకు లాగాడు. "మొగుడు. లచ్చల్లో ఒకడు. ఇంగెవురైనా అయితే ఎప్పుడో వదిలేసుందురు."

గిరి వంగి దుప్పటి సర్దాడు. కెమెరా వెలిగింది. జెస్సీ తలుపు దగ్గర నేల మీద ఉమ్మబోయి, ఫినాయిలు వేసిన ఆయా గుర్తుకొచ్చి మింగింది.

హరినాథ్ డాక్టరు వైపు తిరిగాడు. "బిల్లు కోసం మీరు రాసి పంపిన మూడు మాటల్లో మొదటి రెంటికీ సంఘం ఒప్పుకుంటుంది డాక్టర్ గారూ. గర్భిణిగా పేరు రాయించుకున్న ప్రతి మనిషినీ ఇంతకు ముందు కడుపు పోయిందా అని అడగాలి, పోయి ఉంటే ఈ గడ్డల పరీక్ష తప్పకుండా చేయాలి. సరే. జబ్బు తేలితే సూదిమందు ప్రభుత్వమే ఇవ్వాలి. కాస్త భారమే, అయినా సరే. మూడోది మాత్రం కొట్టేస్తున్నాం. ఫలితం మొదట ఆ స్త్రీకే చెప్పాలి అన్నారు చూడండి, అది. ఇంటి యజమానిని పక్కన పెట్టి ఆడమనిషికి చెబితే కాపురాలు ఏం కావాలి?"

"చెప్పకపోవడం వల్ల ఏమయ్యాయో ఈ మంచం మీద చూడండి సార్. మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితం మీదే ఉంటాయి. పరీక్ష చేస్తాం. జబ్బు పట్టుకుంటాం. మాట ఆమెదాకా పోదు."

"మీరు ఊరికే మగవాళ్ళ మీద పడుతున్నారు. ఏ మొగవాడు దాచాడు? సభలో నన్ను ప్రతిపక్షం అడుగుతుంది. పేరు లేని ఫిర్యాదు పట్టుకుని నేను నిలబడలేను. ఒక్క పేరు చెప్పండి."

"ఈమె విషయంలో దాచింది ఎవరో నాకు తెలీదు" అంది మహిత. "ఈ వార్డులోనే ఒకాయనకు చెప్పాను. ఈమెకు చెప్పకపోవడం నా తప్పు. ఆయన ముఖం గుర్తులేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్న మర్చిపోలేదు. జబ్బు సంగతి చెబుతుంటే మధ్యలో ఆపి, 'ఇది నాకు అంటుకునేది కాదు గదా మేడం' అన్నాడు. కాదు, చెడ్డరోగం కానే కాదన్నాను. హమ్మయ్య అని ఊపిరి వదిలి వెళ్ళిపోయాడు. ఆమెకేమవుతుందని అడగలేదు. అందుకే గుర్తుండిపోయింది."

పోలేరమ్మ ముందుకొచ్చింది.  "సెడ్డరోగం కాదా? మందుండాదా? మాకెవురూ సెప్పలేదు సామీ. సెప్పింటే గొలుసు తాకట్టు పెట్టయినా సూదులేయించిందును గదా. నా మనవడు బతికుండును గదా." ఆమె దేవరాజులు వైపు తిరిగింది. "నువ్వే గదప్పా ఆ పొద్దు అన్ని రూముల్లో తిరిగినావు?"

"నాకేం తెల్సు పోలేరమ్మా. నేను డిశ్చార్జి కౌంటర్ కాడ ఉణ్ణా. డాక్టరమ్మను ఇప్పుడే సూస్తాండా" అన్నాడు దేవరాజులు. మొదటిసారి అతని గొంతులో పంచాయితీ లేదు.

మునిలక్ష్మికి ఇంక ఎవరి మాటా వినపడలేదు. నాకు అంటుకునేది కాదు గదా. ఆ ప్రశ్న దేవరాజులు ఎందుకడుగుతాడు? ఆమె రోగం అతనికెందుకు అంటుకుంటుంది?

రెండో కడుపప్పుడు నర్సు రక్తంలో రోగమని చెప్పిన రోజు నుంచి గిరి చాప తీసుకుని బయట పంచలో పడుకున్నాడు. ఆమె తాగిన గ్లాసు ముట్టలేదు. బిడ్డ పోయి ఆస్పత్రి నుంచి వచ్చాక, నెల తిరక్కుండానే చాప లోపలికొచ్చింది. ఒక్క మాటా అడగలేదు, ఒక్క మాటా చెప్పలేదు. ఊరంతా ఉమ్మేస్తుంటే తన మొగుడొక్కడే తనను నమ్మాడని ఆమె పొంగిపోయింది. రెండేళ్ళపాటు దాన్ని ప్రేమనుకుని, కంపెనీలో జెస్సీకి చెప్పుకుని మురిసింది.

అతను నమ్మలేదు. అతనికి తెలుసు. తెలిసే పక్కలోకి వచ్చాడు. తెలిసే మూడో కడుపు చేశాడు. అది నిలబడితే తనది, పోతే నాయుడుపేట పిల్ల. తెలిసే పొద్దున తువ్వాలు మెడకు చుట్టుకుని టీ తాగాడు.

మునిలక్ష్మి అతను సర్దిన దుప్పటిని కాలి మీద నుంచి లాగేసింది.

గిరి ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమెకు అర్థమైందని అతనికి అర్థమైంది. "పా మునీ, ఇంటికి పోయి మాట్లాడుకుందాం" అన్నాడు గొంతు తగ్గించి. "ఈడ గమ్మునుండు."

"సరే, పేరు లేదు కాబట్టి మూడో మాట తీసేసినట్టే" హరినాథ్ సుకుమార్‌కు సైగ చేశాడు. "రాసుకో."

"పేరుండాది సార్" అంది మునిలక్ష్మి.

 సుకుమార్ మైకు ఆమె వైపు తిప్పాడు. దేవరాజులు ఒకడుగు వెనక్కి వేసి సుకుమార్ భుజం చాటుకు పోయాడు.

పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. కట్టుకున్నవాడి పేరు పలికితే వాడి ఆయుష్షు తరుగుతుందని ఆ ఇంట్లో నమ్మకం. రేషను దగ్గర, ఆస్పత్రి చీటీ దగ్గర, కంపెనీ గేటు దగ్గర, ఎవరడిగినా పక్కనున్నవాళ్ళ వైపు చూసేది. వాళ్ళు చెప్పేవాళ్ళు. ఇప్పుడు కోడలి పెదవులు కదలడం చూసి పోలేరమ్మకు ఏం రాబోతోందో తెలిసిపోయింది. "వద్దే తల్లీ" అంటూ వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. 

మునిలక్ష్మి ఆ చెయ్యిని పట్టుకుని మెల్లగా కిందికి దించింది. వదిలిపెట్టకుండా తన ఒళ్ళోనే ఉంచుకుంది.

"నాకు రోగం అంటించినోడు ఎవుడూ లేడు" అంది, ఆ మాట దేవరాజులుకు వినిపించేలా. "నా బిడ్డల్ని తినే జబ్బేందో డాక్టరమ్మ సెప్తే, ఇని, మందుండాదని తెలిసి, మాట మింగేసి నన్ను పంచాయితీలో నిలబెట్టినోడు ఒకడుండాడు. రాసుకోండి. పెంచలయ్య కొడుకు. నీళ్ళ వ్యాను తోల్తాడు. నా మొగుడు. పేరు గిరి."